మధ్యవర్తి లేని మాట

గుంటూరు నుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గములో పిడుగురాళ్ళ దాటిన పిమ్మట నడికుడి జంక్షను వచ్చును. ఇచ్చటనే మఱొక దారి చీలి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు పోవును. రైలు ఇచ్చట ఎంతోసేపు ఆగదు. అయినను ఆ కొద్దిసేపటిలో పెట్టెలోని ప్రతి చేతిలోను ఒక చిన్న పలక వెలుగును. "నడికుడి వచ్చినాం" అని ఒకరు, "కృష్ణ దాటేటప్పుడు సరిగ్గా వినపడదు, మళ్ళీ చేస్తా" అని మఱొకరు, "అన్నం తిన్నావా?" అని కిటికీ వైపు ముఖము త్రిప్పుకొని ఇంకొకరు. పొందుగుల దాటి వంతెన ఎక్కువఱకు ఈ సందడి తగ్గదు.

ఇప్పటి విద్యార్థులకు ఇందులో వింత యేమియు కనబడదు. నావంటి విశ్రాంతోపాధ్యాయునకు మాత్రము ఆ వేదిక మీద నిలబడినప్పుడెల్ల పాతకాలపు నిశ్శబ్దము చెవిలో మ్రోగును. ఆనాడు ఊరు చేరినవాడు తన రాకను గూర్చి తెలుపవలెనన్నచో పోస్టుకార్డు కొని, "క్షేమముగా చేరితిని" అని వ్రాసి, ఎఱ్ఱ డబ్బాలో వేసెడివాడు. అది నాలుగవ నాటికి ఇల్లు చేరెడిది. ఒక్కొక్కప్పుడు వ్రాసినవాడే మూడవ నాటికి తిరిగి వచ్చి, తన క్షేమ సమాచారమును తానే తపాలా జవాను చేతినుండి అందుకొనెడివాడు.

నేను 1974లో ఈ ప్రాంతపు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా చేరితిని. పిల్లలకు అక్షరములు నేర్పుట నా ఉద్యోగము. పెద్దలకు ఉత్తరములు చదివి పెట్టుట, వ్రాసి పెట్టుట జీతము లేని రెండవ ఉద్యోగము. ఆదివారము ఉదయమున అరుగుమీద కూర్చుంటినన్నచో ఇన్లాండు కవరు కొంగున ముడివేసికొని ఎవరో ఒక తల్లి వచ్చెడిది. చదువుట యనగా ఒక్కరికి చదువుట కాదు. ఆమె వెంట తోటికోడలు, ప్రక్కింటి ముసలమ్మ, పనిలేని ఇద్దరు ముగ్గురు మగవారు. "మహారాజశ్రీ" యని మొదలై "ఉభయకుశలోపరి" యని సాగు ఆ పీఠికను వారందఱును భక్తితో వినెడివారు. అసలు సంగతి చివరి రెండు వాక్యములలో ఉండును. శుభలేఖకు నాలుగు మూలల పసుపు పూయుట, మరణవార్త తెచ్చిన కార్డును ఇంటిలోనికి రానీయక గుమ్మము బయటనే చింపివేయుట, ఇవి యన్నియు చదువు రానివారికి కూడ తెలిసిన తపాలా వ్యాకరణము.

వ్రాసి పెట్టుట ఇంకను కష్టము. "వాడికి గట్టిగా రాయి పంతులయ్యా" అని ఒక తండ్రి చెప్పును. ఆ గట్టిదనమును ఎంతవఱకు కాగితము మీద పెట్టవలెనో నేను నిర్ణయించెడివాడను. భార్య భర్తకు చెప్పదలచిన మాట నా యెదుట చెప్పలేక, "నీకు తెలుసుగా, ఏదో ఒకటి రాయి" అని తల వంచుకొనును. నేను ఏదో ఒకటి వ్రాసితిని. ఆ కాపురములలో నా వాక్యములెన్ని నడిచినవో తలచుకొన్న ఇప్పటికిని సిగ్గుగనే యుండును.

వారిలో ఒక తల్లి విషయము చెప్పవలెను. ఆమెకు ఒక్కడే కుమారుడు. సైన్యములో చేరి ఈశాన్య సరిహద్దునకు పోయినాడు. నెలకు ఒక ఉత్తరము తప్పక వచ్చెడిది. 1978 వానకాలములో వచ్చిన ఉత్తరములో నడుమ ఒక వాక్యము కలదు. బండి తలక్రిందులై తన యెడమచేతి వ్రేళ్ళు రెండు తీసివేసినారని, ఆసుపత్రిలో నున్నానని, భయపడవలదని ఆతడు వ్రాసినాడు. ఎదురుగా తల్లి నవ్వుముఖముతో కూర్చుండి యున్నది. చుట్టును పదిమంది యున్నారు. నేను ఆ వాక్యమును మ్రింగివేసి, తరువాతి దానికి పోయితిని. "బాగున్నాడంటమ్మా" అని ముగించితిని. ఆమె ఉత్తరము మడిచి కొంగున ముడివేసికొని పోయినది.

ఆనాడు నేను చేసినది దయ యనుకొంటిని. ఆతని మాటను ఆమెకు చేరనీయక మధ్యలో ఆపుటకు నాకేమి అధికారము కలదన్న ప్రశ్న నాకు తోచలేదు. చదువు వచ్చినవాని అహంకారములలో ఇది యొకటి.

సందేశము మోయువాని కథ పల్నాటికి క్రొత్త కాదు. పల్నాటి వీరగాథలో అలరాజు సంధి మాట చెప్పుటకు గురజాలకు రాయబారియై పోయి, విషప్రయోగమునకు బలియైనాడు. మాట చేరవలసిన చోట మనిషి పోవలసి వచ్చిన దినము లవి. ఇక మనిషిని పంపుటకును శక్తి లేనివాని సంగతి యేమి? ఈ పల్నాటి వినుకొండలోనే 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువ 1941లో 'గబ్బిలము' కావ్యమును వెలువరించెను. అందులో గుడిలోనికి ప్రవేశము లేని ఒక అస్పృశ్యుడు తన మొరను కాశీ విశ్వనాథునకు వినిపింపుమని గబ్బిలమును వేడుకొనును. మేఘము, హంస రాజులకును యక్షులకును దొరకిన దూతలు. పేదవానికి దొరకినది ఇంటిచూరున వ్రేలాడు గబ్బిలము. బడిలో ఈ కావ్యమును బోధించు ఉపాధ్యాయులు సందేశకావ్య లక్షణములతో పాటు ఈ సంగతిని కూడ పిల్లలకు చెప్పవలెనని నా మనవి. ఎవరికి దూత గలడు, ఎవరికి లేడు అన్న ప్రశ్నయే ఫోను చరిత్ర కంతకును మూలము.

భారతదేశములో పోస్టుకార్డు 1879లో పావు అణాకు పుట్టినది. తంతి యింకను పాతది. 1850లో కలకత్తా, డైమండు హార్బరుల నడుమ మొదలైనది. పల్లెలో తంతి వచ్చిన దన్నచో చదువకమునుపే ఏడ్పు మొదలయ్యెడిది. "ఉద్యోగము వచ్చినది" అను శుభవార్త తెచ్చిన తంతిని చూచి శోకము పెట్టిన ఇంటిని నేనెఱుగుదును. ఆ తంతి 2013 జూలైలో ఆగిపోయినది. రిజిస్టరు తపాలా సైతము 2025లో స్పీడుపోస్టులో కలిసిపోయినది.

నడుమ కొంతకాలము ఎస్.టి.డి. బూతుల రాజ్యము నడచినది. అద్దాల గదిలో ఎఱ్ఱని అంకెలు తిరుగుచుండగా, మాటలాడువాని కన్ను ఆ అంకెల మీద, మనస్సు రూపాయల మీద నుండెడివి. రాత్రి ప్రొద్దుపోయిన కొలది ధర తగ్గి పావువంతునకు దిగెడిది గనుక, ప్రేమ గలవారందఱును నిద్ర మానుకొని వరుసలో నిలిచెడివారు. వెనుక నిలబడినవారికి అంతయు వినబడుచుండును. ఆ విధముగా నా యరుగునకును ఆ గదికిని పెద్ద భేదము లేదు.

చేతిఫోను మన దేశములో 1995 జూలై 31న పలికినది. కలకత్తా నుండి జ్యోతి బసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముతో మాటలాడెను. అప్పుడు నిమిషమునకు పదునారు రూపాయల వఱకు అయ్యెడిది. చేసినవాడే కాక ఎత్తినవాడును చెల్లింపవలెను. 2003లో ఎత్తినవానికి రుసుము తీసివేసిన తరువాతనే అది పల్లెలకు దిగినది. ఆ సంవత్సరము మొదలు మూడు నాలుగేండ్లలో నడికుడి వీధులలో నేను చూచిన మార్పును ఏ ఐదేండ్ల ప్రణాళికలోను చూడలేదు.

ఆ దశలో పుట్టిన ఒక క్రొత్త భాషను గుర్తింపవలెను. దానిపేరు మిస్డుకాలు. ఒకసారి మ్రోగి ఆగినచో "చేరినాను". రెండుసార్లైనచో "నీవే చేయుము". బస్సు దిగిన కూతురు ఒకటి, పొలములో నీరు పారినదని కౌలుదారు ఒకటి. ఫోను ఎత్తినచో చేసినవానికి డబ్బు ఖర్చగును గనుక, ఎత్తకుండుటయే స్నేహధర్మము. అక్షరము లేదు, పలుకు లేదు, పైసా ఖర్చు లేదు. అయినను సందేశము పరిపూర్ణము. పోస్టుకార్డు కంటె చౌకగా ప్రజలు తామే కల్పించుకొన్న తపాలా ఇది. పండితులెవరును దీనికి వ్యాకరణము వ్రాయకమునుపే ఈ భాష మూలబడినది.

మిస్డుకాలు తరువాత పొట్టిసందేశము. దీని సంగతి తెలుగు ఉపాధ్యాయులకు కొంత బాధ కలిగించునది. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో పోయినది. అందులో నున్నది క్రిస్మసు శుభాకాంక్ష మాత్రమే. ఆ యంత్రమున ఒక సందేశమునకు ఆంగ్లాక్షరములైనచో 160 పట్టును. తెలుగైనచో 70 మాత్రమే. అదియును మనము అక్షర మనుకొనునవి కావు. 'క్షేమము' అనుదానిని మూడక్షరములుగా మనము చదువుదుము. యంత్రము కకారము, పొల్లు, షకారము, ఏత్వము, మకారము, మఱొక మకారము, కొమ్ము అని ఏడుగా లెక్కించును. పదిసార్లు 'క్షేమము' అన్నచో సందేశము నిండిపోవును. ఇది చాలక, ఆనాటి చౌక ఫోనులలో పెక్కింట తెలుగు అక్షరములు చదరపు గడులుగా కనబడెడివి. పిల్లలు ఊరకుందురా? "ఎక్కడున్నావు" అను ప్రశ్నను ఆంగ్ల లిపిలో అచ్చులు తీసివేసి కుదించిరి. మా తరము దీనిని భాషాద్రోహ మని కేకలు వేసినది, నేనును వేసితిని. కాని ఆ లిపి వారు కోరి యెన్నుకొన్నది కాదు. డెబ్బది గడుల ఇరుకు గదిలో కాపురము చేయలేక బయటికి వచ్చిరి.

యూనికోడు మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగునకు స్థానము లభించినది. 2000 తరువాతి దశకములో 'లేఖిని' వంటి ఉపకరణములు వచ్చి, కంప్యూటరు మీద మన లిపిలో సొంత రాతలు వ్రాసికొనువారు బయలుదేరిరి. పత్రికాధిపతి అనుమతి లేకయే తన వ్యాసమును తాను వెలువరించుట అప్పుడు మొదలైనది. ఆ రాతలనన్నిటిని ఒకచోట చేర్చి చూపిన తావునకు 'కూడలి' అని పేరు పెట్టిరి. నడికుడి జంక్షనులో పెరిగినవానికి ఆ పేరు ఎంత ముద్దుగా నుండునో చెప్పనక్కఱ లేదు. తరువాత రాత ఫోనులోనికి వచ్చినది, త్వరితమైనది, పొట్టిదైనది. పది పుటల ఆలోచన పది పంక్తులకు దిగినది. కాని పంక్తులు తెలుగు లిపిలోనికి తిరిగి వచ్చినవి. ఇక మన లిపి ఎంత బలమైనదో ప్రపంచమునకు 2018 ఫిబ్రవరిలో తెలిసినది. 'జ్ఞా' అను అక్షరముతో కూడిన సందేశమును చూపబోయి ఐఫోనులు కూలబడినవి! ఆపిల్ సంస్థవారు ప్రత్యేకముగా సవరణ పంపవలసి వచ్చినది. జ్ఞానము, జ్ఞాపకము రెండును ఆ అక్షరముతోనే మొదలగుచున్నవి గదా యని మా మిత్రులు కొందఱు చాల నవ్వుకొనిరి.

లిపి గొడవ అటుండనిండు. నిజమైన మార్పు లిపిని దాటి జరిగినది. వాట్సాపులో 2013లో గొంతును పంపు సౌకర్యము వచ్చినది. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్టు కారుచౌక యైనది. ఆ రెండును కలిసిన ఫలితమును చూడవలెనన్నచో మిరప కోతల కాలమున మా ప్రాంతమునకు రావలెను. కర్నూలు పడమటి ప్రాంతముల నుండి, కోసిగి, ఆదోని వైపు నుండి కూలీలు కుటుంబములుగా వచ్చి చేల గట్లమీద గుడారములు వేసికొందురు. మొన్నటి కోతలలో ఒక సాయంకాలము, చేతులకు ఇంకను మిరపఘాటు వదలని ఒక తల్లి, ఫోనును నోటికి దగ్గఱగా పట్టుకొని, ఊరిలో అవ్వ దగ్గఱ వదలి వచ్చిన బిడ్డకు గొంతు పంపుచుండెను. ఆమెకు అక్షరము రాదు. ఆమె మ్రింగదలచిన మాట ఆమెయే మ్రింగినది. చెప్పదలచినది ఆమెయే చెప్పినది. అరుగుమీద పంతులు లేడు. చుట్టును పదిమంది లేరు. నా రెండవ ఉద్యోగము పోయినందులకు నాకు ఆనాడు కలిగినంత సంతోషము పదవీ విరమణనాడు కూడ కలుగలేదు.

2020 మార్చి చివర దేశమంతటను లాక్‌డౌను విధించినప్పుడు, హైదరాబాదు నుండి బయలుదేరిన మనవారు పొందుగుల సరిహద్దు కడ నిలిచిపోయిరి. 2014లో రాష్ట్రము రెండైనను, ఫోనుల లెక్కలో తెలుగువా రిరువురును ఇంకను ఒకే సర్కిలుగా నున్నారు. కావున కాలికి అడ్డు వచ్చిన కృష్ణ మాటకు అడ్డు రాలేదు. ఆ వేసవిలోనే బడులు మూతపడి, చదువు ఫోనులోనికి పోయినది. ఇంట ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు, దానిని జేబులో పెట్టుకొని పనికి పోవు తండ్రి. ఈ లెక్కను ఏ గణితోపాధ్యాయుడును సరిగా చేయలేకపోయెను. ఫోను దూరమును చెరిపిన మాట నిజమే. ఫోను లేని పిల్లకు మాత్రము అంతవఱకు లేని క్రొత్త దూరము నొకదానిని కల్పించినది. ఉపాధ్యాయులకు ఫోనువలన కలిగిన ముచ్చట వేఱు: 2022 ఆగస్టు నుండి మన రాష్ట్రములో వారు తమ ముఖమును తమ ఫోనుకే చూపి హాజరు వేసికొనవలసి వచ్చినది. ఈ విషయమున పాఠకులకు నాకంటె ఎక్కువ అనుభవము గలదు గనుక విస్తరింపను.

మాటతీరు కూడ మారినది. ఇంటిలో తీగ ఫోను ఉన్నప్పుడు స్థలము తెలియును, మనిషి తెలియడు, కావున "ఎవరు మాటలాడునది?" అని అడిగెడివారు. చేతిఫోనులో మనిషి తెలియును, స్థలము తెలియదు, కావున మొదటి ప్రశ్న "ఎక్కడున్నావు?" అని యైనది. "ఎట్లున్నావు?" అన్న కుశలప్రశ్న రెండవ స్థానమునకు జరిగినది. 2014లో నీలిరంగు టిక్కులు వచ్చిన తరువాత, "ఉత్తరము అందలేదు" అను ప్రాచీనమైన, మర్యాదైన అబద్ధమునకు కూడ కాలము చెల్లినది. జవాబు వ్రాయుటకు నెలరోజులు ఆలోచించు హక్కు ఆనాటి మనుష్యునకు ఉండెడిది; ఆ హక్కు పోయినందులకు నేను నిజముగనే విచారించుచున్నాను.

పరీక్షలో మాత్రము మన పిల్లలు ఇంకను మిత్రునకు లేఖ వ్రాయుచునే యున్నారు. చిరునామా గడి గీసి, అందులో ఊరు పేరు నింపి, మార్కులు పొందుచున్నారు. ఒకమారు మా పాఠశాల వారు పిలువగా పోయి, తొమ్మిదవ తరగతిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పోస్టుకార్డు ఇచ్చితిని. ఏబది పైసల కార్డు. "నిజముగా పోస్టు చేయుదము, ఎవరికైనను వ్రాయుడు" అంటిని. సగము మందికి తమవారి చిరునామా తెలియదు. ఫోను నంబరు తెలియును. ఒక బాలిక చాలసేపు ఊరక కూర్చుండి, "మాస్టారూ, పంపిన తరువాత తుడిపేయడానికి కుదరదా?" అని అడిగినది. కుదరదమ్మా యంటిని. అప్పుడామె మరల చదివికొని, ఒక మాట కొట్టివేసి, జాగ్రత్తగా మఱొకటి వ్రాసినది. ఏమి కొట్టివేసినదో నేను చూడలేదు.

ఈ చెరిగిపోవుట, నిలిచిపోవుటల సంగతియే నన్ను ఇప్పుడు కలత పెట్టుచున్నది. మన గుంటూరు సీమలోనే తుమ్మపూడిలో కూర్చుండి సంజీవదేవ్ (1914-1999) దేశదేశములవారికి లేఖలు వ్రాసెను. అవి యున్నవి గనుకనే ఆ పల్లెలో ఒక మనిషి ఎట్లు ఆలోచించెనో మనకు తెలియుచున్నది. ఫోను మారినచో, మెమొరీ నిండినచో, నేటి ఇండ్లలోని పదేండ్ల మాటలు ఒక్క నిమిషమున పోవును. పూర్వము దూలమునకు వ్రేలాడు ఇనుపతీగకు గ్రుచ్చిన ఉత్తరములను చెదలు తినుటకు సైతము చాల యేండ్లు పట్టెడిది.

ఆ సైనికుని తల్లి విషయము మిగిలియున్నది. కుమారుడు సైన్యము వదలి హైదరాబాదులో పనికి కుదిరినాడు. ఆమెకు ఒక చిన్న మీటల ఫోను కొనిపెట్టినాడు. పదేండ్లకు పైగా ప్రతి సాయంకాలము దానిలో మాటలాడినాడు. నేను వీధిలో పోవుచుండగా ఆమె నవ్వు వినబడెడిది. "ఇప్పుడు నీతో పనిలేదయ్యా" అని నన్ను మేలమాడెడిది. 2016లో అతడు గుండె జబ్బుతో పోయినాడు.

మాసము దాటిన తరువాత ఒక ఆదివారము ఆమె మా అరుగు ఎక్కినది. అప్పటికి ఎనుబది దాటినది. చేతిలో రేకుపెట్టె. అందులో నలుబది యేండ్లనాటి ఇన్లాండు కవరులు, మడతలు పగిలి, నీలిరంగు వెలిసి, వరుసగా పేర్చియున్నవి. "ఫోన్లో వాడు మాట్లాడిందేదీ మిగల్లేదయ్యా. ఇవి ఉన్నాయి. చదువు" అన్నది. ఒకటొకటిగా చదువసాగితిని. 1978 నాటిది చేతికి వచ్చినప్పుడు ముత్యములవంటి ఆ దస్తూరిని నేను గుర్తుపట్టితిని. గొంతు పట్టినది.

ఆమె నావైపు చూచి, "ఆ యేడు సెలవుకొచ్చినప్పుడు వాడి చెయ్యి చూశాలే. ఉత్తరంలో రాశానమ్మా అన్నాడు. నువ్వేం భయపడ్డావో అని నిన్నేం అడగలేదు" అన్నది. కొంతసేపు ఊరకుండి, "ఇప్పుడు అది కూడా చదువు పంతులయ్యా" అన్నది.

చదివితిని.